ఎవరి బాకీ, ఎవరి ఒంటి మీద వసూలు?

2002 జూన్ 15, న్యూయార్క్‌లోని షే స్టేడియం. ఆ నగరపు రెండు బేస్‌బాల్ జట్లు యాంకీస్, మెట్స్ తలపడుతున్నాయి. మూడో ఇన్నింగ్స్‌లో రోజర్ క్లెమెన్స్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. అతను యాంకీస్ జట్టు పిచర్. బంతి విసరడమే అతని పని, బ్యాట్ పట్టుకోవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. అయినా సొంత మైదానంలో కూర్చున్న మెట్స్ అభిమానులు ఆ క్షణం కోసం దాదాపు రెండేళ్లుగా ఎదురు చూస్తున్నారు. మెట్స్ పిచర్ షాన్ ఎస్టెస్ మొదటి బంతి విసిరాడు. అది క్లెమెన్స్‌కు తగలాలని స్టేడియమంతా కోరుకుంది. తగల్లేదు, అతని వెనుక నుంచి దూసుకుపోయింది. అంపైర్ ముందుకు వచ్చి రెండు జట్లనూ హెచ్చరించాడు. ఎస్టెస్ మళ్లీ అలాంటి బంతి విసిరితే మైదానం వదిలి వెళ్లాల్సిందే.

ఎస్టెస్‌కు క్లెమెన్స్‌తో ఏ తగాదా లేదు. అసలు గొడవ జరిగినప్పుడు అతను దేశానికి అవతలి కొసన, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌లో ఆడుతున్నాడు. మెట్స్‌కు వచ్చి ఆరు నెలలే అయింది. కొత్త జట్టు చొక్కాతో పాటు దాని పాత బాకీ కూడా అతని చేతికి వచ్చింది.

బేస్‌బాల్‌లో పిచర్, బ్యాటర్ కలబడటం టీవీలో చూసినవారికి అది క్షణికావేశంలా కనిపిస్తుంది. బంతి తగిలింది, కోపం వచ్చింది, మీదికి ఉరికాడు అనుకుంటాం. కానీ చాలా గొడవల్లో ఆవేశం కన్నా లెక్క ఎక్కువ. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఎప్పుడు తీర్చాలి, ఒంటి మీద ఎక్కడ తీర్చాలి అనే పద్దు ఒకటి నూరేళ్లకు పైగా నడుస్తోంది. ఆ పద్దు ఎలా పుట్టిందో, ఎన్నేళ్లయినా ఎందుకు సరిపోదో తెలియాలంటే ముందు ఆట కొలతల్లోకి వెళ్లాలి.

క్రికెట్ చూసే మనకు బౌన్సర్ కొత్త కాదు. ఫాస్ట్ బౌలర్ బ్యాటర్ తల మీదికి బంతి లేపడం ఆటలో భాగమే. అయితే ఆ బంతి ముందు నేలను తాకి లేస్తుంది. ఆ తాకిడిలో కొంత వేగం పోతుంది, ఎటు వస్తుందో కనిపెట్టడానికి బ్యాటర్‌కు రవ్వంత వ్యవధి దొరుకుతుంది. నేలను తాకకుండా నడుము పైకి వచ్చే బీమర్‌ను క్రికెట్ నో బాల్‌గా తప్పు పడుతుంది. చెయ్యి జారి అలా వేసిన బౌలర్ వెంటనే చెయ్యెత్తి క్షమించమంటాడు. బేస్‌బాల్‌లో ప్రతి బంతీ నేలను తాకకుండానే వస్తుంది. క్రికెట్‌లో రెండు వికెట్ల మధ్య దూరం 20 మీటర్లు. బేస్‌బాల్‌లో పిచర్ నిలబడే మట్టి దిబ్బ (మౌండ్) నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. 1893 నుంచి ఆ దూరం మారలేదు. పిచర్ బారెడు అడుగు ముందుకు వేసి విసురుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది అంతకన్నా తక్కువ. గంటకు 150 కిలోమీటర్లు దాటిన బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. ఆ లోపే అది కొట్టవలసిన బంతో, తప్పుకోవలసిన బంతో బ్యాటర్ తేల్చుకోవాలి.

ఇప్పుడు హోమ్ ప్లేట్ సంగతి. దాని వెడల్పు 17 అంగుళాలు. మోకాళ్లకూ ఛాతీకీ మధ్య ఎత్తులో, ఆ ప్లేట్ మీదుగా పోయే బంతి స్ట్రైక్, అంటే పిచర్ ఖాతాలో పడే మంచి బంతి. బ్యాటర్ ప్లేట్‌కు ఎంత చేరువగా నిలబడితే దాని అవతలి అంచు మీదుగా పోయే బంతి అంత సులువుగా బ్యాట్‌కు అందుతుంది. పిచర్‌కు అన్నం పెట్టేది ఆ అవతలి అంచే. అక్కడికి బ్యాట్ అందకుండా చేయాలంటే బ్యాటర్‌ను వెనక్కి జరపాలి, వెనక్కి జరపాలంటే అప్పుడప్పుడు అతని ఒంటికి దగ్గరగా బంతి వేయాలి. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. లోపలికి బంతి వేయలేని పిచర్ ఎక్కువ కాలం నిలవలేడు. వేయకూడదని నిషేధిస్తే ఆట ఏకపక్షమైపోతుంది.

చిక్కుముడి ఇక్కడే పడుతుంది. ఒంటి మీదికి వచ్చే బంతి వెనుక నాలుగు కారణాల్లో ఏదైనా ఉండవచ్చు. చెయ్యి జారి ఉండవచ్చు. లోపలి అంచు కోసం వేసిన మంచి బంతి రెండంగుళాలు ఎక్కువ లోపలికి వచ్చి ఉండవచ్చు. ‘కాస్త వెనక్కి జరుగు’ అనే హెచ్చరిక కావచ్చు. పాత కక్షకు శిక్ష కూడా కావచ్చు. నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా పిచర్ మనసులో తప్ప మరెక్కడా లేదు. అంపైర్ చూడగలిగేది బంతిని మాత్రమే.

ఈ అనుమానం ప్రాణాంతకం కాగలదని బేస్‌బాల్‌కు 1920లోనే తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో యాంకీస్ పిచర్ కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు తగిలింది. ఎంత గట్టిగా మోగిందంటే, బ్యాట్‌కే తగిలిందనుకుని మేస్ ఆ బంతిని ఏరి, బ్యాటర్ పరుగులో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్‌కు విసిరాడు. చాప్‌మన్ మరునాడు తెల్లవారుజామున చనిపోయాడు. వయసు 29. అమెరికాలో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ ఆటలో బంతి దెబ్బకు ప్రాణం పోగొట్టుకున్న ఆటగాడు ఈ రోజు వరకూ అతనొక్కడే. చాప్‌మన్ ప్లేట్ మీదికి వంగి నిలబడే అలవాటున్నవాడు. మేస్‌కు అంతకుముందే ఒంటి మీదికి బంతులు విసురుతాడన్న పేరుంది. కావాలని కొట్టలేదని మేస్ జీవితాంతం చెప్పాడు. కాదనడానికి గానీ, అవుననడానికి గానీ ఎవరి దగ్గరా ఆధారం లేదు. మట్టి పట్టి నల్లబడిన బంతి బ్యాటర్‌కు సరిగా కనబడదని అప్పుడు గ్రహించి, మురికి బంతులను వెంటవెంటనే మార్చడం మొదలుపెట్టారు. హెల్మెట్ తప్పనిసరి కావడానికి మాత్రం 1971 దాకా పట్టింది. ఈ మధ్యలోనే, 1967లో, బోస్టన్ ఆటగాడు టోనీ కనిగ్లియారో చెంప ఎముకకు బంతి తగిలి కంటి చూపు దెబ్బతింది. ఇరవై రెండేళ్లకే 100 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్‌లా బంతిని మైదానం దాటించే దెబ్బలు) పూర్తి చేసిన ఆ కుర్రవాడు మరుసటి ఏడాది మొత్తం ఆటకు దూరమయ్యాడు. తిరిగి వచ్చినా ఆ చూపు అతన్ని ఎక్కువ కాలం ఆడనివ్వలేదు.

ఇప్పుడు క్లెమెన్స్ దగ్గరికి వద్దాం. అతనికి ఎదురుగా ఉన్నది మైక్ పియాజా, మెట్స్ జట్టు క్యాచర్ (ప్లేట్ వెనుక కూర్చుని బంతి అందుకునేవాడు), ఆ కాలంలో అందరూ భయపడే బ్యాటర్. క్లెమెన్స్ ఎంత గొప్ప పిచరైనా పియాజా ముందు మాత్రం అతని ఆట సాగలేదు. 2000 జూన్‌లో యాంకీ స్టేడియంలో పియాజా అతని బంతిని గ్రాండ్ స్లామ్‌గా మలిచాడు. మూడు బేస్‌ల మీదా మనుషులుండగా కొట్టిన హోమ్ రన్ అది, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. నెల రోజుల తర్వాత, జులై 8న, ఇద్దరూ మళ్లీ ఎదురయ్యారు. రెండో ఇన్నింగ్స్‌లో క్లెమెన్స్ వేగపు బంతి నేరుగా పియాజా హెల్మెట్‌కు తగిలింది. పియాజా కుప్పకూలాడు. మెదడు అదిరిందని వైద్యులు చెప్పడంతో ఆ వారం రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్ స్టార్ మ్యాచ్‌కు కూడా దూరమయ్యాడు. కావాలనే కొట్టాడని పియాజా నమ్మాడు. లోపలికి వేయబోయిన బంతి జారిందని క్లెమెన్స్ అన్నాడు.

ఆ రాత్రే మెట్స్ పిచర్ గ్లెండన్ రష్ బదులు తీర్చాడు. ఎవరికి? యాంకీస్ ఆటగాడు టీనో మార్టినెజ్‌కు. ఆ బంతి అతని ఒంటికి తగిలింది. పియాజాను కొట్టడంలో టీనోకు ఏ పాత్రా లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. కానీ రష్‌కు వేరే దారి లేదు. బంతి విసిరినవాడు బ్యాట్ పట్టుకుని ముందుకు వస్తే కదా తిరిగి కొట్టడానికి! మేజర్ లీగ్ అంటే అమెరికన్, నేషనల్ అనే రెండు లీగ్‌లు. యాంకీస్ ఉన్న అమెరికన్ లీగ్‌లో 1973 నుంచి పిచర్ బదులు వేరొకరు బ్యాట్ పట్టే నిబంధన ఉంది. యాంకీస్ మైదానంలో క్లెమెన్స్ బంతి విసిరి డగౌట్‌లో కూర్చుంటాడు, అంతే.

అక్టోబరులో రెండు న్యూయార్క్ జట్లే రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌కు చేరాయి. 22వ తేదీన జరిగిన రెండో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే పియాజా, క్లెమెన్స్ ముఖాముఖి నిలిచారు. క్లెమెన్స్ బంతికి పియాజా బ్యాట్ ముక్కలైంది. బంతి గీత బయటికి పోయింది, బ్యాట్ మొన భాగం మాత్రం ఎగిరి మౌండ్ వైపు వచ్చింది. బంతి ఎటు పోయిందో తెలియక పియాజా ఫస్ట్ బేస్ వైపు పరుగు మొదలుపెట్టాడు. క్లెమెన్స్ ఆ ముక్కను అందుకుని పియాజా పరిగెత్తే దారిలోకి విసిరికొట్టాడు. పియాజా ఆగి అతని వైపు నడిచాడు, రెండు డగౌట్లూ ఖాళీ అయ్యాయి. బంతి అనుకుని విసిరానని క్లెమెన్స్ అంపైర్‌తో చెప్పాడు. బంతే అనుకున్నా దాన్ని పరిగెత్తేవాడి మీదికి విసరవలసిన పనేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రోజు ఎవరూ ఎవరినీ కొట్టుకోలేదు. క్లెమెన్స్‌ను బయటికి పంపలేదు. అతను ఎనిమిది ఇన్నింగ్స్ ఆడి రెండే రెండు హిట్లు ఇచ్చాడు. తర్వాత 50,000 డాలర్ల జరిమానా పడింది. యాంకీస్ సిరీస్ గెలిచింది.

మెట్స్ దృష్టిలో బాకీ తీరలేదు. టీనోకు తగిలిన బంతి ఆ లెక్కలో జమ కాలేదు. అందుకే షే స్టేడియం. అది నేషనల్ లీగ్ మైదానం. అప్పటికి అక్కడ పిచర్లు బ్యాట్ పట్టవలసిందే. 2002 జూన్ 15న క్లెమెన్స్ మొదటిసారి తప్పించుకోలేని చోట నిలబడ్డాడు. ప్లేట్ వెనుక క్యాచర్‌గా గొంతుక్కూర్చున్నది సాక్షాత్తూ పియాజాయే. అయినా బంతి విసరవలసినవాడు ఎస్టెస్, విసిరింది గురి తప్పింది. ఆ తర్వాత ఎస్టెస్ చేసిన పని ముందే అనుకుని చేయగలిగింది కాదు. బ్యాట్ పట్టి, ఒక పిచర్ అయి ఉండి, క్లెమెన్స్ బంతిని హోమ్ రన్ కొట్టాడు. కాసేపటికి పియాజా కూడా కొట్టాడు. మెట్స్ 8-0తో గెలిచింది. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన జవాబు ఇదొక్కటే. బాకీ వసూలు చేయడానికి వెళ్లి గురి తప్పినవాడు ఆటలోనే దాన్ని రాబట్టాడు.

నిబంధనలు ఏం చేస్తున్నాయని అడగవచ్చు. బంతి ఒంటికి తగిలితే బ్యాటర్‌కు ఫస్ట్ బేస్ ఉచితంగా ఇస్తారు. కావాలని విసిరాడని అంపైర్ నమ్మితే పిచర్‌నూ, కావాలంటే మేనేజర్‌నూ బయటికి పంపవచ్చు, లేదా రెండు జట్లనూ హెచ్చరించవచ్చు. ‘కావాలని’ అన్న మాటే ఆ నిబంధనకు ప్రాణం, దాని బలహీనత కూడా అదే. మనసును చదవమని అంపైర్‌కు చెప్పే నిబంధన అది. 2012లో ఫిలడెల్ఫియా పిచర్ కోల్ హామెల్స్ పందొమ్మిదేళ్ల కొత్త ఆటగాడు బ్రైస్ హార్పర్‌ను వీపు మీద కొట్టి, ఆట ముగిశాక కావాలనే కొట్టానని దాచకుండా చెప్పాడు. పాతకాలపు పద్ధతిలో లీగ్‌లోకి స్వాగతం చెప్పడమట. ఐదు మ్యాచ్‌ల నిషేధం వేశారు. మొదటి వరుస పిచర్ సాధారణంగా ఐదు రోజులకొకసారి ఆడతాడు కాబట్టి ఆ శిక్ష దాదాపు ఏమీ లేనట్టే. ఒప్పుకున్నవాడికే ఇంత తక్కువ శిక్ష పడితే, ఒప్పుకోనివాడిని ఎవరు ఏం చేయగలరు? హార్పర్ మాత్రం ఫస్ట్ బేస్ నుంచి థర్డ్‌కు చేరి, అక్కడి నుంచి హామెల్స్ కళ్ల ముందే హోమ్ ప్లేట్‌ను దొంగిలించి, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరి, పరుగు తీశాడు.

చట్టం చేతులెత్తేసిన చోట పెద్దమనుషుల ఒప్పందం పుడుతుంది. బేస్‌బాల్‌లో రాయని నియమాలు అలాగే పుట్టాయి. హోమ్ రన్ కొట్టి నిలబడి చూస్తూ మురిసిపోకూడదు. జట్టు చాలా ఆధిక్యంలో ఉన్నప్పుడు బేస్‌లు దొంగిలించకూడదు. మనవాడికి బంతి తగిలితే మన పిచర్ వాళ్లవాడికి తగిలించాలి, అయితే తలకు కాదు, పక్కటెముకలకో తొడకో తగలాలి. ఒకసారి తగిలితే చెల్లుకు చెల్లు. మాటగా వింటే ఇందులో ఒక క్రమశిక్షణ కనిపిస్తుంది. పిచర్ తన జట్టువాళ్ల కోసం నిలబడతాడన్న నమ్మకం నిజంగా విలువైనదే, దాన్ని నేను తీసిపారేయను. కానీ ఈ పద్దుకు ఉమ్మడి గుమాస్తా ఎవరూ లేరు. ఎవరి పుస్తకం వారిదే. మొదటి బంతి పొరపాటని ఒక పుస్తకంలో, దాడి అని మరో పుస్తకంలో రాసుకుంటారు. ఒకరు చెల్లింపు అనుకున్నది ఇంకొకరికి కొత్త అప్పు. 1950లు, 60లలో డాడ్జర్స్ పిచర్ డాన్ డ్రైస్‌డేల్ లెక్క మరీ మొండిది, మావాడు ఒకడికి తగిలితే మీవాళ్లు ఇద్దరికి. అతను తన కాలంలో 154 మందిని కొట్టాడు. ఒకటికి రెండు వడ్డీ కట్టే చోట అప్పు ఎలా తీరుతుంది?

ఈ పద్దు ఎంత కాలం నిలవ ఉంటుందో హంటర్ స్ట్రిక్‌లాండ్ చూపించాడు. 2014 ప్లే ఆఫ్స్‌లో జెయింట్స్ తరఫున బంతి విసిరిన అతని మీద హార్పర్ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు, రెండోదాన్ని కొట్టి కాసేపు చూశాడు. సిరీస్ జెయింట్స్ గెలిచింది, ఆ తర్వాత వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. అంటే స్ట్రిక్‌లాండ్‌కు విజేత ఉంగరం దక్కింది. అయినా 2017 మే 29న హార్పర్ మళ్లీ ఎదురుపడగానే మొదటి బంతినే అతని తుంటికి తగిలించాడు. హార్పర్ హెల్మెట్ విసిరేసి మౌండ్ మీదికి ఉరికాడు, పిడిగుద్దులు నడిచాయి. జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోజీ తన పిచర్‌ను కాపాడటానికి కదలలేదు. ప్లేట్ దగ్గరే నిలబడి చూశాడు. నా లెక్కలో ఆ రోజు మైదానంలో అందరికన్నా స్పష్టంగా మాట్లాడింది ఆ నిలబడటమే.

అసలు దెబ్బ వేరొకరికి తగిలింది. ఇలాంటి గొడవ మొదలైతే రెండు జట్ల ఆటగాళ్లందరూ పరిగెత్తుకు రావడం ఆనవాయితీ. రానివాడు పిరికివాడని, తనవాళ్లను వదిలేసినవాడని అంటారు. అలా జెయింట్స్ ఆటగాడు మైకేల్ మోర్స్ కూడా పరిగెత్తాడు. అతను ఒకప్పుడు హార్పర్‌తో ఒకే జట్టులో ఆడినవాడు. అటు నుంచి జెయింట్స్ పిచర్ జెఫ్ సమార్జా దూసుకొచ్చాడు. ఒకే జట్టువాళ్లిద్దరూ ఢీకొన్నారు. మోర్స్ మెదడు అదిరింది. మళ్లీ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. ఆబోతుల పోట్లాటలో లేగ కాళ్లు విరిగాయి. స్ట్రిక్‌లాండ్‌కు ఆరు మ్యాచ్‌ల నిషేధం, హార్పర్‌కు అప్పీలు తర్వాత మూడు. మోర్స్ పోగొట్టుకున్నది ఏ పుస్తకంలోనూ బాకీగా నమోదు కాలేదు.

పాత గొడవల్లో మరచిపోలేనిది 1965 ఆగస్టు 22న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో జరిగింది. డాడ్జర్స్, జెయింట్స్ తరతరాల ప్రత్యర్థులు. ఆ ఏడాది పెనెంట్ (లీగ్ టైటిల్) కోసం నువ్వా నేనా అని తలపడుతున్నారు. జెయింట్స్ పిచర్ హువాన్ మరిచాల్ డాడ్జర్స్ బ్యాటర్లు ఇద్దరిని ఒంటి మీదికి బంతులు వేసి పడగొట్టాడు. డాడ్జర్స్ పిచర్ శాండీ కూఫాక్స్ మనుషుల మీదికి విసిరే రకం కాదు, విల్లీ మేస్ తల పైనుంచి ఒక బంతి పోనిచ్చి ఊరుకున్నాడు. అంపైర్ హెచ్చరించాడు. అందువల్ల మూడో ఇన్నింగ్స్‌లో మరిచాల్ బ్యాట్ పట్టుకుని వచ్చినప్పుడు కూఫాక్స్ ఏదైనా చేస్తే బయటికి పోవాలి. ఆ బాకీని డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరో తన మీద వేసుకున్నాడు. బంతిని కూఫాక్స్‌కు తిరిగి విసిరేటప్పుడు మరిచాల్ చెవి పక్కగా పోనిచ్చాడు. మాటా మాటా పెరిగింది. మరిచాల్ చేతిలోని బ్యాట్‌తో రోజ్‌బరో తల మీద కొట్టాడు.

రక్తం ముఖమంతా కారింది. గాయానికి 14 కుట్లు పడ్డాయి. జెయింట్స్ ఆటగాడైన విల్లీ మేస్ ప్రత్యర్థి రోజ్‌బరోను పొదివి పట్టుకుని పక్కకు తీసుకువెళ్లాడు. మరిచాల్‌కు వారానికి పైగా నిషేధం, 1,750 డాలర్ల జరిమానా పడ్డాయి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే అయినా చేసిన పనికి చాలా తక్కువ. డాడ్జర్స్ చివరికి రెండే మ్యాచ్‌ల తేడాతో పెనెంట్ గెలిచింది. ఆ ఇద్దరి తలల్లో ఆ రోజు బేస్‌బాల్ ఒక్కటే లేదు. మరిచాల్ సొంత దేశం డొమినికన్ రిపబ్లిక్‌లో అంతర్యుద్ధం, అమెరికా సేనలు దిగాయి. రోజ్‌బరో ఉండే లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అల్లర్లు ముగిసి వారమే అయింది. ఇదంతా చెప్పడం మరిచాల్‌ను వెనకేసుకు రావడానికి కాదు. మైదానంలోని పద్దులోకి బయటి భారాలు కూడా వచ్చి చేరతాయి, వాటినీ ఆ బంతే మోయాలి.

ఆ తర్వాత వారి కథ మరో మలుపు తిరిగింది. ఎన్నో ఏళ్లకు ఇద్దరూ స్నేహితులయ్యారు. బ్యాట్‌తో కొట్టిన ఆ ఒక్క ఘటన వల్ల మరిచాల్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ తలుపులు తెరుచుకోనప్పుడు, అతన్ని చేర్చుకోమని బహిరంగంగా కోరినవాడు రోజ్‌బరోయే. 1983లో మరిచాల్‌కు ఆ గౌరవం దక్కింది. 2002లో రోజ్‌బరో చనిపోయినప్పుడు మరిచాల్ అంత్యక్రియలకు వచ్చాడు.

బంతి విసిరినవాడే బ్యాట్ పట్టుకుని వస్తే ఇదంతా ఆగిపోతుందని వాదించేవారు చాలామంది ఉన్నారు. తన ఒంటికీ దెబ్బ తగులుతుందన్న భయం ఉంటే పిచర్ జాగ్రత్తగా ఉంటాడని వారి తర్కం. అమెరికన్ లీగ్‌లో 1973 తర్వాత బంతి దెబ్బలు ఎక్కువయ్యాయా, అందుకు ఈ భయం లేకపోవడమే కారణమా అని ఆర్థికశాస్త్రవేత్తలు కూడా వాదించుకున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1984 ఆగస్టు 12న అట్లాంటాలో జరిగింది చూడండి. బ్రేవ్స్ పిచర్ పస్కువాల్ పెరెజ్ మ్యాచ్ మొదటి బంతితోనే సాన్ డియాగో పాడ్రెస్ ఆటగాడు అలన్ విగిన్స్‌ను కొట్టాడు. అది నేషనల్ లీగ్ మ్యాచ్. పెరెజ్ బ్యాట్ పట్టుకుని వచ్చిన ప్రతిసారీ పాడ్రెస్ పిచర్లు అతని మీదికి విసిరారు, పెరెజ్ గెంతుతూ తప్పించుకున్నాడు. నాలుగోసారి తగిలింది. ఈలోగా రెండు జట్లూ పదే పదే కొట్టుకున్నాయి, ప్రేక్షకులు మైదానంలోకి దిగారు, డజను మందికి పైగా బయటికి వెళ్లారు, పాడ్రెస్ మేనేజర్ డిక్ విలియమ్స్‌కు 10,000 డాలర్ల జరిమానా, పది రోజుల నిషేధం పడ్డాయి. తప్పు చేసినవాడు అందుబాటులో ఉన్నా పగ తూకానికి రాలేదు. 2022 నుంచి రెండు లీగ్‌లలోనూ పిచర్లు బ్యాట్ పట్టవలసిన పని లేదు. ఇక ఎస్టెస్‌లా నేరుగా అడిగే అవకాశం కూడా దాదాపు ఎవరికీ లేదు.

ఇక మౌండ్ మీదికి ఉరకడం గురించి ఒక మాట. 1993 ఆగస్టు 4న, ఇప్పుడు తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ ప్రాంతంలోని ఆర్లింగ్టన్‌లో, షికాగో వైట్ సాక్స్ బ్యాటర్ రాబిన్ వెంచురా తనకు బంతి తగిలించిన పిచర్ నోలన్ రయన్ మీదికి ఉరికాడు. రయన్‌కు 46 ఏళ్లు, వెంచురాకు 26. రయన్ అతని తలను చంకలో ఇరికించుకుని గుద్దులు కురిపించిన దృశ్యాన్ని ముప్పై ఏళ్లుగా చూపిస్తూనే ఉన్నారు. వెంచురాను బయటికి పంపారు, రయన్ ఆడుతూనే ఉన్నాడు. తెగువగా దీన్ని పొగడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. బంతి తగిలినవాడు వెళ్లిపోయి, విసిరినవాడు మిగిలిపోయాడు.

అధికారిక న్యాయం తేలిపోయినప్పుడు ప్రైవేటు న్యాయం ఎంత వేగంగా వస్తుందో 2020లో కనిపించింది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2017లో కెమెరా సాయంతో, ఏ బంతి వేయాలో పిచర్‌కు చెప్పే ప్రత్యర్థి క్యాచర్ సైగలను దొంగిలించి, చెత్తబుట్ట మోగించి తమ బ్యాటర్‌కు తెలియజేసిందని విచారణలో తేలింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో వారి చేతిలో ఓడింది డాడ్జర్స్. నిజం చెప్పినందుకు ప్రతిగా ఆటగాళ్లకు శిక్ష లేకుండా వదిలేశారు. జులై 28న డాడ్జర్స్ పిచర్ జో కెల్లీ అలెక్స్ బ్రెగ్‌మన్ తల వెనుక నుంచి ఒక బంతి పోనిచ్చాడు, కార్లోస్ కొరియా మీదికి ఇంకొకటి విసిరాడు. మహమ్మారి వల్ల 60 మ్యాచ్‌లకు కుదించిన ఆ సీజన్‌లో కెల్లీకి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేసి, అప్పీలులో ఐదుకు తగ్గించారు. మోసం చేసిన ఆటగాళ్లకు సున్నా, బంతి విసిరినవాడికి ఐదు. డాడ్జర్స్ అభిమానులకు అతను వీరుడయ్యాడంటే ఆశ్చర్యమేముంది? అయితే 2017లో కెల్లీ డాడ్జర్స్‌లో లేడు, బోస్టన్‌లో ఉన్నాడు. ఎస్టెస్ లాగే అతనూ ఆ బాకీకి వారసుడు.

ఇప్పుడు విషయం మరింత చిక్కు పడింది. పిచర్ల వేగపు బంతుల సగటు వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటింది. వేగం పెరిగే కొద్దీ గురి సడలుతుంది. 2021 సీజన్‌లో 2,000కు పైగా బంతులు బ్యాటర్లకు తగిలాయి. వాటిలో అత్యధికం చెయ్యి జారినవే అయి ఉండాలి, మొదటి బేస్‌ను ఊరికే ఇచ్చుకోవాలని ఏ పిచర్‌కూ ఉండదు. కానీ రాయని నియమాలు పొరపాటును పొరపాటుగా ఒప్పుకోవు. జారిన బంతికీ బదులు అడుగుతాయి.

కొరియాలో దీనికొక సూటి దారి వెతుక్కున్నారు. వేగపు బంతి తలకు తగిలితే పిచర్ బయటికి వెళ్లాల్సిందే, కావాలని వేశాడా లేదా అని ఎవరూ అడగరు. జపాన్‌లోనూ అంపైర్ ప్రమాదకరమైన బంతిగా ప్రకటిస్తే పిచర్ అక్కడికక్కడే ఆట వదిలిపెడతాడు. ఆ రెండు దేశాల్లోనూ బంతి తగిలితే పిచర్ టోపీ తీసి క్షమాపణ తెలుపుతాడు. ఆ టోపీ తీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ‘ఇది దాడి కాదు’ అని అవతలి పుస్తకంలో పిచరే స్వయంగా రాసే అవకాశం అది. అమెరికాలో తల విషయంలోనైనా మనసు చదివే పని మానేసి, తగిలిన చోటును బట్టి తీర్పు ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మంచి పిచర్ ఒకడు ఎప్పుడైనా అన్యాయంగా బయటికి పోతాడు, నిజమే. మార్టినెజ్‌కు తగిలిన బంతి, మోర్స్ పోగొట్టుకున్న ఆట కూడా అన్యాయమే కదా.

2004 జులై 13న హ్యూస్టన్‌లో ఆల్ స్టార్ మ్యాచ్ జరిగింది. క్లెమెన్స్ అప్పటికి యాంకీస్‌ను వదిలి ఆస్ట్రోస్‌కు వచ్చాడు. అంటే మెట్స్ ఉన్న నేషనల్ లీగ్‌కే. సొంత ఊరి అభిమానుల ముందు ఆ లీగ్ జట్టుకు మొదటి పిచర్‌గా మౌండ్ ఎక్కాడు. అభిమానుల ఓట్లు ఎంచుకున్న క్యాచర్ మైక్ పియాజా. నాలుగేళ్ల కిందట తలకు బంతి తగిలి నేల కూలినవాడు ముసుగు పెట్టుకుని ప్లేట్ వెనుక కూర్చుని, ఏ బంతి వేయాలో వేళ్లతో సైగ చేశాడు. క్లెమెన్స్ తల ఊపి విసిరాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే అవతలి జట్టు ఆరు పరుగులు చేసింది. బంతి తిరిగి వచ్చిన ప్రతిసారీ పియాజా దాన్ని మౌండ్ మీద ఉన్న క్లెమెన్స్‌కు విసిరాడు, క్లెమెన్స్ అందుకున్నాడు.